ఇంట్లో ఎగిరే పురుగు ఏ డబ్బాలో పుట్టింది? వంటింటి రెక్కల పురుగులను గుర్తుపట్టే మార్గదర్శి

పోయినేడు సంక్రాంతికి మా మామయ్యగారు ఊరి నుంచి రెండు వరి కుచ్చులు తెచ్చారు. పిచ్చుకల కోసమని ఒకటి బాల్కనీలో కట్టాం. మా అపార్ట్‌మెంటుకు పిచ్చుకలెక్కడ వస్తాయి, పావురాలు వచ్చి వారంలో దాన్ని ఒట్టి గడ్డి చేసి పోయాయి. రెండోది చూడముచ్చటగా ఉందని హాల్లో గుమ్మం పైన మేకుకు తగిలించాం.

ఫిబ్రవరి ఆఖరుకి ఇంట్లో సన్నటి రెక్కల పురుగులు మొదలయ్యాయి. సాయంత్రం లైటు వేస్తే చాలు, రెండో మూడో వచ్చి గోడ మీద వాలేవి. "బియ్యం డబ్బా చూడమ్మాయ్, అందులోవే" అన్నారు అత్తగారు. బియ్యం చాటలో పోసి చెరిగాను. ఏమీ లేవు. అనుమానం మీద గోధుమపిండి పారేశాను. బొంబాయి రవ్వ పారేశాను. పండక్కి ఆడించిన బియ్యప్పిండి మిగిలితే అదీ పారేశాను. అరలన్నీ కడిగి కొత్త పేపర్లు వేశాను. నాలుగో రోజు సాయంత్రం మళ్లీ మూడు పురుగులు.

ఆ కోపంలో ఒకదాని మీద గ్లాసు బోర్లించి, ఫోనుతో ఫొటో తీసి పెద్దది చేసి చూశాను. ఎండుగడ్డి రంగు రెక్కలు. వెనక రెక్క కొసన వేలు చూపించినట్టు పొడుచుకొచ్చిన మొన, దాని అంచున పొడుగాటి నూగు. అది వడ్ల చిలుక. పిండిలోనూ రవ్వలోనూ బతికే జాతి కాదది, గింజ లోపలే పెరిగేది. మరి మా ఇంట్లో వడ్లు ఎక్కడున్నాయి? తల పైకెత్తితే గుమ్మం మీదున్నాయి.

పురుగు పేరు తెలిస్తే దాని పుట్టిల్లు తెలుస్తుంది. ఏ డబ్బా తెరవాలో, ఏది పారేయక్కర్లేదో కూడా తెలుస్తుంది. ఆ పేరు పట్టుకోవడం ఎలాగో నేను నేర్చుకున్న వరసలోనే చెబుతాను.

ముందు ఒక సంగతి: ఎగిరేది తినదు

ఇక్కడ చెప్పబోయే నాలుగు జాతుల్లోనూ రెక్కలొచ్చిన పురుగు మన తిండి ముట్టదు. తినాల్సిందంతా తెల్లటి పురుగుగా ఉన్నప్పుడే తినేసి వస్తుంది. రెక్కలొచ్చాక దానికి ఉండేది వారం, పది రోజులు, మహా అయితే రెండు వారాల బతుకు. ఆ లోపల జత కట్టి గుడ్లు పెట్టాలి, అంతే. కొన్ని జాతుల్లో ఒక్క ఆడపురుగు 400 గుడ్ల దాకా పెడుతుంది. కాబట్టి గోడ మీద వాలినవాటిని చీపురుతో కొట్టినా, వాటి మీద స్ప్రే కొట్టినా డబ్బాలో ఉన్నవాటికి ఆ సంగతే తెలియదు. పైగా తిండి ఉండే చోట ఆ మందు కొట్టుకోవడం మనకే ప్రమాదం.

పేరు గురించి కూడా ఒక మాట. మాత్‌ను పుస్తకాల్లో చిమ్మట అని రాస్తారు. చిమ్మట అంటే కొందరికి బట్టలు కొరికేది, ఇంకొందరికి రాత్రిళ్లు కీచుమని అరిచేది. ఆ గొడవ లేకుండా ఇక్కడ రెక్కల పురుగు అనే అంటాను.

మొదటి పని: అసలది వంటింటిదేనా?

ఇంట్లో ఎగిరేదంతా బియ్యం డబ్బాలోది కాదు. నాకు తెలిసిన ఒకావిడ బాత్రూం గోడ మీద పురుగుల్ని చూసి పాతిక కిలోల బియ్యం బస్తా ఎండబోశారు. అవి డ్రైన్ ఈగలు. 2 నుంచి 5 మిల్లీమీటర్లు ఉంటాయి, ఒళ్లంతా బొచ్చు, వాలినప్పుడు రెక్కలు గుండె ఆకారంలో పరుచుకుంటాయి. మురుగు గొట్టంలోని జిగటలో పుడతాయి. బియ్యానికీ వాటికీ సంబంధం లేదు.

గోడ మీద, ఫ్యాను కింద, మంచం వెనక బూడిద రంగులో గుమ్మడి గింజంత చప్పిడి సంచులు మెల్లగా కదలడం చాలామంది చూసే ఉంటారు. ఇసుక, దుమ్ము, దారపు పోగులు అతికించి అల్లుకున్న గూడు అది. రెండు చివరలా తెరిచి ఉంటుంది, లోపలి పురుగు ఏ వైపు నుంచైనా తల బయటపెడుతుంది. సాలెగూళ్లు, వెంట్రుకలు, ఉన్ని తిని బతుకుతుంది. దీన్ని చూసి పప్పుల డబ్బాలు వెతకొద్దు, మంచం కింద ఊడ్చండి.

బట్టల పురుగు వేరు. అది లైటు దగ్గరికి రాదు, వెలుతురు పడితే పరుగెత్తి మడతల్లో దూరుతుంది. బీరువా తెరిచినప్పుడు పట్టుబట్టల మధ్య, ఉన్ని శాలువాల మధ్య కనిపిస్తుంది.

పొలాల పక్కన ఇళ్లున్నవాళ్లకు ఇంకో చిక్కు. గోదావరి జిల్లాల్లో, నెల్లూరు వైపు వరి కోతల ముందు వీధి లైటు కింద చూడాలి, గుట్టలుగా పడతాయి. వాటిలో వరి కాండం తొలిచే పురుగు తాలూకు రెక్కల పురుగు ఒకటి. పసుపు రంగు ఆడపురుగు, ముందు రెక్కల మీద ఒక్కో నల్ల చుక్క. అది కిటికీలోంచి వచ్చిన చుట్టం, పొద్దున్నకి ఉండదు. వానాకాలపు ఉసిళ్ల సంగతి చెప్పక్కర్లేదు.

ఇక గట్టి పెంకు ఉంటే అది రెక్కల పురుగు కానే కాదు. ముందు తొండంలాంటి ముక్కు ఉంటే ముక్కు పురుగు, అది బియ్యంలోదీ గోధుమల్లోదీ. ఎర్రటి గోధుమ రంగులో చప్పిడిగా, 3, 4 మిల్లీమీటర్లుండి పిండిలో ఈదుతున్నట్టు కదిలితే ఎర్ర పిండి పురుగు. పెసలకు, శనగలకు, బొబ్బర్లకు గుండ్రటి కన్నాలు, గింజ మీద తెల్లటి చుక్కల్లా అంటుకున్న గుడ్లు ఉంటే పప్పు పురుగు. పసుపు కొమ్ముల్నీ ధనియాల్నీ తొలిచేవి కూడా పెంకు పురుగులే. వేలితో నొక్కితే పెంకు పురుగు గట్టిగా తగులుతుంది. రెక్కల పురుగైతే వేలికి బూడిదలాంటి పొడి అంటుతుంది. ఆ పొడి దాని రెక్కల మీది పొలుసులు. పెంకు పురుగు కాదని తేల్చుకోడానికి ఇంతకన్నా తేలిక పరీక్ష లేదు, కాకపోతే ఆ పరీక్షతో పురుగు పాడవుతుంది.

రెండో పని: నలపకుండా పట్టడం

ఆ పొడి రాలితే రంగు పోతుంది. రంగు పోతే ఏ పురుగైనా బూడిద రంగు పురుగే. అందుకే చీపురుతో కొట్టినదాన్ని, ట్యూబులైటు చట్రంలో ఎండిపోయినదాన్ని చూసి పేరు పెట్టొద్దు. గోడ మీద కదలకుండా కూర్చున్నదాన్ని ఎంచుకోండి. పొద్దున పూట ఇవి మందకొడిగా ఉంటాయి. గాజుగ్లాసు బోర్లించి, గోడకూ గ్లాసుకూ మధ్య పెళ్లి శుభలేఖ లాంటి మందపాటి కార్డు జొనపండి. దాన్ని అలాగే తీసుకెళ్లి ఫ్రీజర్లో అరగంట ఉంచితే కదలదు.

తెల్ల కాగితం మీద పెట్టి, పక్కన పిల్లల స్కేలు పెట్టి ఫొటో తీయండి. ఫోను టార్చి పైనుంచి కాకుండా పక్క నుంచి పడాలి, అప్పుడే రెక్కల మీది గీతలు లేచి కనిపిస్తాయి. పైనుంచి ఒకటి, పక్క నుంచి తల కనిపించేలా ఒకటి, తర్వాత గుండుసూదితో రెక్క విప్పి వెనక రెక్క కనిపించేలా ఇంకోటి. ఈ మూడో ఫొటో అందరూ వదిలేస్తారు. నాకు దారి చూపించింది అదే.

ఒకటి పడితే చాలదు. నాలుగైదు పట్టండి. ఒకే ఇంట్లో రెండు జాతులుండొచ్చు, ఒకే జాతిలో ఆడదీ మగదీ కొలతలో తేడాగా ఉండొచ్చు.

మూడో పని: నాలుగింటిలో ఏది?

*బియ్యపు చిలుక.* మన ఇళ్లలో ముందుగా అనుమానించాల్సింది దీన్నే. శాస్త్రీయ నామం కోర్సైరా సెఫలోనికా. నాలుగింటిలో పెద్దది. రెక్కలు ముడిచి కూర్చుంటే 12 మిల్లీమీటర్ల దాకా, విప్పితే 15 నుంచి 25 దాకా ఉంటుంది. రంగు చెప్పుకోడానికేమీ లేదు, తడి ఆరిన మట్టి గోడ రంగు. పట్టీలు లేవు, మచ్చలు లేవు, రెక్క పొడవునా నరాల గీతలు మాత్రం కొంచెం ముదురుగా కనిపిస్తాయి. కూర్చున్నప్పుడు రెక్కల్ని ఒంటికి చుట్టుకుని చిన్న పుల్లలా ఉంటుంది. తల మీద పొలుసులు ముందుకు పొడుచుకొచ్చిన కుచ్చు ఉంటుంది. ఆడదానికి మూతి ముందుకు సాగి సూదిగా ఉంటుంది, మగదానికి పొట్టి.

ఈ పురుగు రైతులకు మరో రకంగా చుట్టం. పురుగుల గుడ్లలోనే తన గుడ్లు పెట్టి వాటిని చంపే ట్రైకోగ్రామా అనే సూక్ష్మమైన కందిరీగను వరికీ చెరకుకూ కార్డుల మీద ఇస్తారు కదా, ట్రైకో కార్డులంటారు. ఆ కార్డు మీద అంటించేవి ఈ బియ్యపు చిలుక గుడ్లే. వాటి కోసం దీన్ని ప్రయోగశాలల్లో పనిగట్టుకుని పెంచుతారు. ఏం పెట్టి పెంచుతారంటే జొన్న నూక, సజ్జ నూక, కాస్త పల్లీ పొడి. దాని ఇష్టాయిష్టాలు తెలుసుకోడానికి ఇంతకన్నా ఏం కావాలి? నిండు గింజ కన్నా విరిగిన గింజ దీనికి సులువు. కాబట్టి ఇది కనిపిస్తే ముందు నూకల డబ్బా, ఉప్మా రవ్వ, ఇడ్లీ రవ్వ, జొన్న రవ్వ, తర్వాత వేరుశనగ గుళ్లు, నువ్వులు, ఆ తర్వాత బియ్యం బస్తా అడుగు చూడండి. నూకంతా అడుగుకే చేరుతుంది.

*ఇండియన్ మీల్ మాత్.* శాస్త్రీయ నామం ప్లోడియా. నాలుగింటిలో దీన్ని గుర్తుపట్టడమే తేలిక. రెక్కలో ఒంటికి దగ్గరున్న మూడోవంతు లేత బూడిద, మిగతా రెండు వంతులూ రాగి రంగు, మధ్య నల్లటి గీతలు. దూరం నుంచి చూస్తే రెండు రంగుల చొక్కా తొడుక్కున్నట్టుంటుంది. కూర్చుంటే 8 నుంచి 10 మిల్లీమీటర్లు, రెక్కలు విప్పితే 16 నుంచి 20. మూతి పక్షి ముక్కులా నిటారుగా ముందుకుంటుంది. ముసలి పురుగుకు రాగి రంగు రాలిపోతుంది, అప్పుడు పొరపడతాం. కొత్తగా రెక్కలొచ్చినదాన్ని పట్టమనేది అందుకే.

పేరులో ఇండియా ఉంది గానీ మన దేశంతో దానికి పనిలేదు. అమెరికాలో అప్పట్లో మొక్కజొన్న పిండిని ఇండియన్ మీల్ అనేవారు. ఆ పిండిలో కనిపించిందని 19వ శతాబ్దం మధ్యలో న్యూయార్క్ రాష్ట్రపు కీటక శాస్త్రవేత్త ఏసా ఫిచ్ ఈ పేరు వాడాడు. అమెరికా ఇళ్లలో ఇది సర్వసాధారణం. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న మనవాళ్లు రాగి రంగు పురుగు చూసి, పేరు వెతికి, "ఇండియన్ స్టోర్‌లో కొన్న సోనామసూరితోనే వచ్చింది" అని తేల్చేస్తారు. బియ్యంలో రాకూడదని లేదు. కానీ పక్కనున్న బాదం, వాల్‌నట్, కిస్‌మిస్, పిల్లల సీరియల్ అట్టపెట్టె, కుక్కల మేత, బయట పక్షులకు వేసే గింజల సంచి ముందు చూడండి. మన దగ్గరైతే డ్రైఫ్రూట్స్, మొక్కజొన్నలు, పల్లీలు.

*ఆల్మండ్ మాత్.* పేరు బాదం మీదున్నా ఖర్జూరం, కిస్‌మిస్, జీడిపప్పు, పల్లీలు, పిండి, అన్నీ తింటుంది. బూడిద రంగు, రెక్కకు అడ్డంగా మసక పట్టీ. కొలత ప్లోడియాంతే. రాగి రంగు ఉండదు, మూతి పైకి వంగి ఉంటుంది. దీని దగ్గరి బంధువు మెడిటరేనియన్ ఫ్లోర్ మాత్ ఇంకాస్త పెద్దది, చల్లటి దేశాల్లో పిండి మిల్లుల్లో ఎక్కువ. వాలినప్పుడు ముందు భాగం ఎత్తి కూర్చునే అలవాటు దానిది. మామూలు ఇంట్లో ఈ రెండింటినీ విడదీయాలని తంటాలు పడక్కర్లేదు, వెతకాల్సిన డబ్బాలు ఇంచుమించు ఒకటే.

*వడ్ల చిలుక.* అన్నింటిలో చిన్నది, కూర్చుంటే 6 నుంచి 8 మిల్లీమీటర్లు. ఎండుగడ్డి రంగు, ఎండలో కాస్త బంగారంలా మెరుస్తుంది. వెనక రెక్క కొసన ఆ మొన, అంచున నూగు. పైన చెప్పిన మూడింటిలో దేనికీ ఆ మొన ఉండదు. ఇంగ్లీషులో దీన్ని ఆంగుమువా ధాన్యపు మాత్ అంటారు. ఆంగుమువా ఫ్రాన్స్‌లో ఒక ప్రాంతం. 1760ల ప్రాంతంలో అక్కడ గోధుమల్ని ఇది నాశనం చేస్తుంటే ద్యుహామెల్ ద్యు మోన్సో, తియ్యె అనే ఇద్దరు శాస్త్రవేత్తలు వెళ్లి దీని పుట్టుపూర్వోత్తరాలు రాశారు.

దీని అసలు మోసం పొలంలోనే మొదలవుతుంది. గింజ పాలు ఎండి గట్టిపడే దశలో కంకి మీదే గుడ్లు పెట్టగలదు. పురుగు గింజలోకి దూరి లోపలి పప్పు తిని, బయటికి రావాల్సిన చోట పైపొరను పల్చటి మూతలా మిగిల్చి అక్కడే నిద్రపోతుంది. రెక్కలొచ్చాక ఆ మూతను తోసుకుని వస్తుంది. అంతవరకూ గింజ పైకి నిక్షేపంగా ఉంటుంది. మా కుచ్చు సంక్రాంతికి ముచ్చటగా ఉండి ఫిబ్రవరిలో పురుగులు కక్కడానికి కారణం ఇదే. ఇది కనిపిస్తే వడ్లు, జొన్నలు, మొక్కజొన్న పొత్తులు, గోధుమలు చూడాలి. అంటే నిండు గింజలే. పిండి, రవ్వ, అటుకులు పారేయకండి, నాలాగా.

నాలుగో పని: డబ్బాలో సాక్ష్యం

ఎగిరేది దొరక్కపోయినా డబ్బా చెబుతుంది. బియ్యం ఉండలు కట్టడం, నాలుగైదు గింజలు దారంతో కుట్టినట్టు వేలాడటం, రవ్వలో చెంచా పెడితే బూజులాంటి పోగులు లేవడం, ఇవన్నీ రెక్కల పురుగు పిల్లల పట్టుదారం. పెంకు పురుగులు దారం తియ్యవు. వడ్ల చిలుక కూడా గింజ లోపలే ఉంటుంది కాబట్టి ఇలా గూళ్లు కట్టదు. దారముంటే మిగిలిన మూడింటిలో ఒకటి.

బియ్యపు చిలుక దారం మరీ దట్టం. ముదిరితే బియ్యమూ రెట్టా కలిసి తుట్టెలా గడ్డకడుతుంది. దాని గూడు కూడా గింజల మధ్యో, బస్తా కుట్టు దగ్గరో ఉంటుంది, చింపితే గట్టిగా ఉంటుంది. ప్లోడియా దారి వేరు. ఎదిగిన పురుగు డబ్బా వదిలి నడుస్తుంది. గోడెక్కి, పైకప్పు మూలల్లో, అలమర తలుపు కీలు సందులో, డబ్బా మూత మరల్లో గూడు కట్టుకుంటుంది. "పైకప్పు మీద తెల్ల పురుగులు పాకుతున్నాయి" అని ఎవరైనా అంటే నేను ప్లోడియా అనే అనుకుంటాను, చాలాసార్లు అదే అవుతుంది.

తెల్ల పురుగు దొరికితే కాళ్లు లెక్కపెట్టండి. ఫోను కెమెరా చాలు. ముందు మూడు జతల అసలు కాళ్లు, నడుమ నాలుగు జతల కండ కాళ్లు, తోక దగ్గర ఒక జత ఉంటే రెక్కల పురుగు పిల్ల. ముందు మూడు జతలే ఉండి, తోక కొసన రెండు ముళ్లుంటే పిండి పురుగు పిల్ల. అసలు కాళ్లే లేకుండా గింజ లోపల ముడుచుకుని ఉంటే ముక్కు పురుగు పిల్ల. ఒంటి మీద ప్రతి వెంట్రుక మొదట్లో సన్నటి నల్ల చుక్క కనిపిస్తే ఆల్మండ్ మాత్ వర్గం, ఆ చుక్కలు లేకపోతే ప్లోడియానో బియ్యపు చిలుకో. ఒంటి రంగును నమ్మొద్దు. తిన్న తిండిని బట్టి ఒకే జాతి పురుగు తెల్లగా, గులాబీగా, కాస్త ఆకుపచ్చగా కూడా మారుతుంది.

గింజకు కన్నముంటే అంచు చూడండి. వడ్ల చిలుక వెళ్లిన గింజకు గుండ్రటి కన్నం, ఒక్కోసారి దాని పక్కనే వేలాడే మూత. నీళ్లలో వేస్తే డొల్ల గింజ తేలుతుంది.

ఐదో పని: మరిచిపోయిన చోట్లు

పేరు తేలాక వెతుకులాట. రోజూ తెరిచే డబ్బాలో ఇది అరుదు, చెయ్యి పడని చోటే పెరుగుతుంది. నా జాబితా అటూ ఇటూగా ఇది: గృహప్రవేశానికి కట్టిన నవధాన్యాల మూట, దేవుడి పటాల వెనక భద్రాచలం తలంబ్రాల పొట్లం, బీరువాలో దాచిన పెళ్లి తలంబ్రాలు, జాకెట్టు ముక్కలో కట్టి మరిచిపోయిన ఒడిబియ్యం, వాయినంలో వచ్చిన ఎండు ఖర్జూరాలు, ఎండుకొబ్బరి చిప్పలు, అటక మీద అరవీసెడు సజ్జలు, పిల్లల స్కూలు ప్రాజెక్టుకు గింజలు అంటించిన అట్ట, స్టవ్వు కింద పడిన పల్లీలు, చిలకకు కొన్న కొర్రలు. పూజగదిని మనం వంటింటి లెక్కలో వేయం. పురుగు వేస్తుంది.

బస్తా అయితే పై పొరా, కుట్టూ, అడుగూ చూడాలి. వడ్ల చిలుక గుట్ట లోతుకు పోలేదు, పై పొరలోనే ఉంటుంది. అందుకని వడ్ల బస్తా మధ్యలో చెయ్యి పెట్టి బాగానే ఉందనుకోవద్దు.

ఆరో పని: అనుమానం తీర్చుకోవడం

రెండు డబ్బాల మధ్య తేలకపోతే సీసా పరీక్ష చేయండి. రెండింటి నుంచీ చెరో గుప్పెడు గాజు సీసాల్లో పోసి, పల్చటి నూలు గుడ్డ కప్పి రబ్బరు బ్యాండు వేసి, మీద తేదీ రాసి పెట్టండి. మన వేడికి గుడ్డు నుంచి రెక్కల దాకా నెల నుంచి నెలన్నర పడుతుంది. ఏ సీసాలో పురుగు లేస్తే అదే డబ్బా. పైగా రెక్కలు చెదరని కొత్త పురుగు చేతికొస్తుంది, మూడో పని మళ్లీ ఇంకా బాగా చేసుకోవచ్చు. మా అత్తగారికి ఈ సీసాలు చూస్తే అసహ్యం. "పురుగుల్ని పెంచుతున్నావా?" అన్నారు. నిజానికి పెంచుతున్నట్టే.

ఆన్‌లైన్లో ప్యాంట్రీ మాత్ ట్రాపులని జిగురు అట్టలు అమ్ముతారు. వాటిలో ఆడపురుగు వాసన ఉంటుంది, మగవి వచ్చి అంటుకుంటాయి. ఇక్కడ పేరు తెలియడం డబ్బు మిగిల్చే సంగతి. మామూలుగా దొరికే ట్రాపులోని వాసన ప్లోడియాదీ ఆల్మండ్ మాత్ వర్గానిదీ. బియ్యపు చిలుకకూ వడ్ల చిలుకకూ ఆ వాసన పట్టదు. ట్రాపు పెట్టి రెండు వారాలు ఖాళీగా ఉందని, ఇంట్లో పురుగు లేదనుకుంటే తప్పు. గది నిండా పురుగులు ఎగురుతూ ట్రాపు ఖాళీగా ఉంటే అది కూడా సమాధానమే. బియ్యపు చిలుకో వడ్ల చిలుకో అయ్యుంటుంది. పడ్డా మగవే పడతాయి కాబట్టి ట్రాపును మందు అనుకోకండి, ఏ గదిలో ఎక్కువ పడుతున్నాయో చెప్పే గుర్తుగా వాడండి. ట్రాపులు రెండు మూడు చోట్ల పెడితే మూలం ఏ వైపుందో తెలుస్తుంది.

దొరికాక

దారాలు కట్టి రెట్ట నిండినదాన్ని దాచుకోవద్దు. బిగించిన కవర్లో కట్టి అదే రోజు ఇంటి బయటికి పంపండి. చెత్తబుట్టలో ఉంచితే అక్కడి నుంచే ఎగురుతాయి. పక్కనున్న, పైకి బాగున్న డబ్బాల సరుకును వారం రోజులు ఫ్రీజర్లో పెడితే గుడ్లతో సహా చస్తాయి. పాతిక కిలోలు ఫ్రీజర్లో పట్టవు, దానికి ఎండే గతి. రోహిణీ కార్తె ఎండలో నల్లటి పట్టా మీద పల్చగా పోసి మధ్యమధ్య తిరగేయాలి. నీడపట్టున, మందంగా పోస్తే పురుగు అడుగుకు దిగి హాయిగా ఉంటుంది.

డబ్బా కడగడం కన్నా డబ్బా మూత మరలు, అర మూలలు, పేపరు కింద సందులు ముఖ్యం. గూళ్లు అక్కడుంటాయి. పాత టూత్‌బ్రష్షుతో గీకి, వాక్యూమ్ ఉంటే పట్టండి.

వేపాకు, ఎండుమిర్చి వేస్తామంటే వేయండి, కొత్తవి రాకుండా కాస్త పనికొస్తాయేమో గానీ గింజలో ఉన్నదాన్ని అవి చంపవు. బియ్యంలో బోరిక్ పొడి కలిపే అలవాటు కొన్ని ఇళ్లలో ఇంకా ఉంది. కడిగితే పోతుందన్న ధీమా నాకు లేదు, నేను కలపను. గోదాముల్లో వాడే అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్లలు మాత్రం ఎవరు తెచ్చిచ్చినా ఇంట్లో పెట్టొద్దు. గాలిలో తేమ తగిలి వచ్చే ఫాస్ఫీన్ గ్యాస్ పురుగులతో పాటు మనుషుల్నీ చంపుతుంది, మన దేశంలో అలా ప్రాణాలు పోయిన ఇళ్లున్నాయి.

శుభ్రం చేసిన రోజును క్యాలెండర్లో గుర్తు పెట్టుకోండి. తర్వాత రెండు వారాలు ఒకటీ అరా కనిపిస్తే కంగారు వద్దు, అవి సందుల్లోని గూళ్ల నుంచి వచ్చిన మిగులు. ఆరు వారాలు దాటాక కూడా వస్తుంటే ఇంకో డబ్బా ఉన్నట్టే, మళ్లీ గ్లాసు తీసుకుని మొదటి నుంచి. మేం కుచ్చు తీసేసింది మార్చి 9న. ఆఖరి పురుగు కనిపించింది 17న, అత్తగారి దేవుడి పటం వెనక. ఈ సంక్రాంతికి కుచ్చు రాగానే మామయ్యగారే అన్నారు, "ఇది పావురాల వాటా, బాల్కనీలో కట్టండి" అని.